ఎర్ర పేస్టు ఓర్పు ఎంతవరకు?

యాక్సిలరేటర్ వదలగానే సైలెన్సర్‌లో పట్‌పట్‌మని పేలే బండిని చూస్తే ముందుగా నింద పడేది కార్బ్యురేటర్ మీదే. దాన్ని విప్పుతారు, జెట్లు కడుగుతారు, ప్లగ్గు మారుస్తారు. చప్పుడు మాత్రం పోదు. ఇంజన్ చల్లారాక హెడ్డుకు బెండ్ పైపు బిగించిన చోట వేలు పెట్టి చూస్తే నల్లటి మసి అంటుకుంటుంది. లీకు అక్కడుంది. అప్పుడు మెకానిక్ ఎర్ర సిలికోన్ పేస్టు ట్యూబు తీస్తాడు. దాని మీద 343 డిగ్రీలు అని అచ్చేసి ఉంటుంది. జాయింటు చుట్టూ దట్టంగా పులిమి, నట్లు బిగించి, "అయిపోయిందన్నా, తీసుకెళ్లు" అంటాడు. బండి నాలుగు రోజులు బుద్ధిగా నడుస్తుంది. తర్వాత మళ్లీ అదే చప్పుడు.

పేస్టు కల్తీదని తిట్టుకోవడం తేలిక. చాలాసార్లు పేస్టు మంచిదే, పెట్టిన చోటు తప్పు. హెడ్డు నుంచి సైలెన్సర్ చివరిదాకా ఉన్నది ఒకటే పైపు అయినా, దాని పొడవునా వేడి ఒకటి కాదు. ఒక జాయింటులో ఏళ్ల తరబడి నిలిచే పదార్థం, దానికి రెండడుగుల దూరంలో ఉన్న మరో జాయింటులో వారానికే బూడిదవుతుంది.

ముందు లీకు సంగతి చూద్దాం. సైలెన్సర్‌లోకి పొగ ఏకధారగా రాదు. నాలుగు స్ట్రోకుల సింగిల్ సిలిండర్ ఇంజన్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతోందంటే, ఎగ్జాస్ట్ వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుంటోందన్నమాట. వాల్వు తెరుచుకునే వేళకు సిలిండర్‌లో ఒత్తిడి బయటి గాలికి ఇంకా కొన్ని రెట్లు ఉంటుంది. ఆ ఒత్తిడి అలగా మారి, వేడి పొగలో సెకనుకు 500 మీటర్ల వేగంతో పైపు వెంట దూసుకుపోతుంది. పైపు వెడల్పయ్యే చోటికి, అంటే సైలెన్సర్ డబ్బాకు చేరగానే దాని స్వభావం తిరగబడుతుంది. అక్కడి నుంచి వెనక్కి వచ్చేది తక్కువ ఒత్తిడి అల. ఆ క్షణంలో పైపు లోపలి ఒత్తిడి బయటి గాలికన్నా తగ్గిపోతుంది. కాబట్టి జాయింటులో సందు ఉంటే అది పొగను బయటికి కక్కడంతో ఆగదు, బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది కూడా.

పేలుడుకు మూలం ఈ పీల్చుడే. యాక్సిలరేటర్ మూసినప్పుడు సిలిండర్‌లోకి వెళ్లే మిశ్రమం సరిగ్గా అంటుకోదు. కాలని పెట్రోల్ ఆవిరి పైపులోకి వచ్చేస్తుంది. దానికి తోడు కావలసిన ఆక్సిజన్‌ను సందులోంచి వచ్చిన గాలి అందిస్తుంది, నిప్పును కాలుతున్న పైపే అందిస్తుంది. ఇక్కడొక మినహాయింపు చెప్పాలి. కాలుష్యం తగ్గించడానికి చాలా బళ్లలో ఎగ్జాస్ట్ పోర్టులోకి కావాలనే కొంత గాలి పంపే వాల్వు ఒకటి ఉంటుంది. అది చెడినా ఇదే చప్పుడు వస్తుంది. అందుకే పేస్టు తీసేముందు లీకు ఉందో లేదో తేల్చుకోవాలి. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, జాయింటు చుట్టూ సబ్బునీళ్లు చల్లితే చాలు, బుడగలు చోటు చూపిస్తాయి. ఇంజన్ వేడెక్కాక ఇనుము సాగి సందు మూసుకుపోవచ్చు. మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి బండి మంచిదైపోవడం వెనక రహస్యం చాలాసార్లు ఇంతే. ఈ పరీక్ష ఆరుబయటే చేయాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మూసిన షెడ్డులో అది ప్రాణాలు తీస్తుంది.

ఇక వేడి. బండిని గట్టిగా తోలుతున్నప్పుడు పోర్టులోంచి బయటపడే పొగ 700, 800 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. ఊళ్లో నెమ్మదిగా తిరిగేటప్పుడు అంత ఉండదు. పైపు లోహానికి ఎదురుగాలి తగులుతుంటుంది గనుక అది పొగ అంత వేడెక్కదు. అయినా హెడ్డు పక్కన మొదటి జానెడు పైపు 300, 400 డిగ్రీలు సులువుగా దాటుతుంది. అక్కడి నుంచి వెనక్కి వచ్చేకొద్దీ తగ్గుతూ, బెండ్ పైపు సైలెన్సర్‌లో దూరే చోటికి మామూలు వాడకంలో 150 నుంచి 250 డిగ్రీల మధ్యకు దిగుతుంది. ఈ అంకెలు బండిని బట్టి, తోలే మనిషిని బట్టి మారతాయి. ఘాట్ రోడ్డు మీద ముగ్గురిని ఎక్కించుకుని పోయే బండికి ఈ లెక్కలేవీ పనికిరావు.

థర్మామీటర్ లేకుండానే ఈ వేడిని చదవొచ్చు. లోహం మీద రంగు చూడండి. శుభ్రం చేసిన మామూలు ఉక్కును గాలిలో వేడిచేస్తే 230 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు తేలుతుంది, 300 దగ్గర నీలం పడుతుంది. పైన పట్టే ఆక్సైడ్ పొర ఎంత మందంగా ఉంటే ఆ మేరకు రంగు మారుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో ఉన్న క్రోమియం ఆ పొరను నెమ్మదిగా పెరగనిస్తుంది కాబట్టి, దాని మీద నీలం కనిపించిందంటే వేడి 500 దాటిందని లెక్క. పైపు నీలంగా మారిన చోట సిలికోన్‌కు పనిలేదు. ఇంత మాత్రం గుర్తున్నా చాలా ట్యూబులు ఆదా అవుతాయి.

సిలికోన్‌కు అసలు అంత ఓర్పు ఎక్కడిది? చెట్టు పాలతో చేసిన రబ్బరయినా, పెట్రోలియం నుంచి తీసిన చాలా రకాల రబ్బరయినా లోపల ఉండేది కార్బన్ పరమాణువుల గొలుసు. వేడికి అది తెగుతుంది, ఆక్సిజన్ దొరికితే కాలుతుంది. సిలికోన్ గొలుసులో సిలికాన్, ఆక్సిజన్ ఒకదాని తర్వాత ఒకటిగా అల్లుకుని ఉంటాయి. ఇసుకలోనూ, గాజులోనూ ఉన్న జంట ఇదే. కార్బన్–కార్బన్ బంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 350 కిలోజౌళ్ల శక్తి చాలు. సిలికాన్–ఆక్సిజన్ బంధానికి దాదాపు 450 కావాలి. ఆ తేడా ఎర్ర ట్యూబుకు పెట్టుబడి.

అయితే గొలుసంతా ఇసుకే అయితే అది రాయిలా ఉండాలి గాని రబ్బరులా వంగకూడదు. వంగేలా చేసేవి ప్రతి సిలికాన్ పరమాణువుకూ రెండు వైపులా వేలాడే మిథైల్ గ్రూపులు. అవి కార్బన్, హైడ్రోజన్‌లతో చేసినవి, కాబట్టి బలహీనతా అక్కడే ఉంది. 200 డిగ్రీలు దాటి చాలాకాలం వేడిలో ఉంటే ఆ గ్రూపులు ఒక్కొక్కటే ఆక్సిజన్‌కు చిక్కి రాలిపోతాయి. అవి పోయిన చోట పక్కపక్క గొలుసులు ఆక్సిజన్ వంతెనలతో ముడిపడతాయి. రబ్బరు గట్టిపడుతుంది, పగుళ్లు తీస్తుంది. 350 దాటితే గొలుసే తన మీదికి తాను ముడుచుకుని చిన్న చిన్న వలయాలుగా తెగి ఆవిరై పోతుంది. చివరికి మిగిలేది తెల్లటి సిలికా పొడి. పాత జాయింటు విప్పినప్పుడు ఫ్లాంజి మీద సున్నంలా రాలే పొడి చూస్తే మెకానిక్ సరిగ్గా తుడవలేదనుకుంటాం. అది నిన్నటి పేస్టే, తిరిగి ఇసుకైపోయింది.

ఎరుపు అందానికి వేసింది కాదు. అది ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పు జాతి పదార్థం. మిథైల్ గ్రూపులు ఆక్సిజన్‌తో కలిసి చెడిపోయే చర్యను అది నెమ్మదింపజేస్తుంది. అందుకే అద్దాలకూ, సింకులకూ పెట్టే తెల్ల సిలికోన్‌కన్నా ఎర్రది వేడికి ఎక్కువ కాలం తట్టుకుంటుంది. రాగి పొడి కలిపిన రకం మరికొంచెం మేలు, దాని మీద 370 డిగ్రీల వరకు రాస్తారు. ఈ అంకెల దగ్గరే చదివేవాడు మోసపోయేది. ట్యూబు మీద పెద్దక్షరాల్లో ఉండే 343 సాధారణంగా కాసేపు తట్టుకునే హద్దు. గంటల తరబడి ఉండగలిగేది సుమారు 260. ఆ రెండో అంకె వెనకవైపు సన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా ఉండనే ఉండదు.

ఈ పదార్థం పుట్టుక వింటే నవ్వొస్తుంది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ కిప్పింగ్ అనే రసాయన శాస్త్రవేత్త దశాబ్దాల పాటు సిలికాన్ సమ్మేళనాల మీద పనిచేశాడు. పాత్రల అడుగున మిగిలే జిగురు ముద్దలు ఆయనకు తలనొప్పిగా ఉండేవి. 1936లో రాయల్ సొసైటీ ఉపన్యాసంలో ఈ శాఖకు పెద్ద భవిష్యత్తేమీ కనిపించడం లేదన్న ధోరణిలోనే మాట్లాడాడు. ఆ జిగురే సరుకు. 1940లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తున్న యూజీన్ రోషో, సిలికాన్ పొడి మీదుగా మిథైల్ క్లోరైడ్ వాయువును పంపి సిలికోన్ ముడిసరుకు తయారుచేసే మార్గం కనిపెట్టాడు. ఆ చర్యను నడిపించే ఉత్ప్రేరకం రాగి. 1943లో డౌ కార్నింగ్ కంపెనీ పుట్టింది. ఎత్తున ఎగిరే యుద్ధ విమానాల ఇగ్నిషన్ వైర్లలో విద్యుత్తు కారిపోకుండా కాపాడిన సిలికోన్ గ్రీజుతో దానికి గిరాకీ వచ్చింది. 1969లో చంద్రుడి మీద దిగిన బూట్ల అడుగులు సిలికోన్ రబ్బరువే.

ట్యూబులో మెత్తగా ఉన్నది బయటికొచ్చి రబ్బరవడానికి వేడి అక్కర్లేదు, గాలిలోని తేమ కావాలి. తేమ తగలగానే గొలుసుల కొసలు ఒకదానితో ఒకటి ముడిపడతాయి, ఆ పనిలో ఒక చిన్న అణువు బయటపడుతుంది. చవక రకాల్లో అది ఎసిటిక్ ఆమ్లం. పూసినప్పుడు వెనిగర్ వాసన ముక్కు పట్టేది అందుకే. ఆ ఆమ్లం రాగిని, కొన్ని లోహాలను తినేస్తుంది, కాబట్టి ఇంజన్ పనికి వాసన తక్కువ ఉండే ఇతర రకాలే మేలు. పావుగంటలో పాల మీద మీగడలా పైన పొర కడుతుంది. కింద ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆ పొర గుండా తేమ లోపలికి దిగి గట్టిపరచడానికి రోజుకు రెండు, మూడు మిల్లీమీటర్లే సాధ్యం. కాకినాడ గాలిలో పని త్వరగా అవుతుంది. మే నెలలో రెంటచింతలలో వేడి ఎంతున్నా గాలి పొడిగా ఉంటుంది గనుక పేస్టు అంత తొందరపడదు. ఎండలో పెడితే ఆరిపోతుందన్న నమ్మకం పెయింటుకు సరిపోతుంది, దీనికి సరిపోదు. పేస్టు పూసి అప్పటికప్పుడు కిక్ కొట్టడమంటే, పచ్చి పేస్టును సెకనుకు పదుల సార్లు వచ్చే ఒత్తిడి దెబ్బలకు అప్పగించడం. అది సందులోంచి ఎగిరిపోతుంది. బండి ఒక రాత్రి, వీలైతే ఒక రోజంతా కదలకూడదు. మన దగ్గర ఈ పని చెడడానికి పేస్టు రకంకన్నా ఈ ఆత్రమే పెద్ద కారణమని నా అభిప్రాయం.

మరి హెడ్డు దగ్గర ఏం పెట్టాలి? కంపెనీవాళ్లు పెట్టినదే. అక్కడ ఒక ఉంగరం ఉంటుంది, మెకానిక్కులు దాన్ని ప్యాకింగ్ అంటారు. కొన్ని బళ్లలో అది రాగి, కొన్నింటిలో ఉక్కు తీగల మధ్య గ్రాఫైట్ కుక్కినది. రాగి 1085 డిగ్రీల దాకా కరగదు, నట్లు బిగిస్తే నలిగి పోర్టు గరుకుతనంలోకి సర్దుకుంటుంది. ఒకసారి నలిగితే మాత్రం గట్టిపడిపోతుంది. రెండోసారి వాడాలంటే ఎర్రగా కాల్చి చల్లార్చాలి, మళ్లీ మెత్తబడుతుంది. కొత్త ఉంగరం ధర టీ, టిఫిన్‌కు మించదు గనుక ఈ కష్టం పాత మోడళ్లకు విడిభాగాలు దొరకనివాళ్లకే.

ఉంగరం మార్చేటప్పుడు అందరూ పొరబడే చోటు ఒకటుంది. పాత ప్యాకింగ్ ఏళ్ల తరబడి నలిగి, మసి పట్టి, పోర్టు అడుగున హెడ్డులో భాగమేనన్నట్టు అతుక్కుపోయి ఉంటుంది. అది కనబడక దాని మీదే కొత్తది పెట్టేస్తారు. ఫ్లాంజి సరిగ్గా కూర్చోదు, లీకు కొనసాగుతుంది, ఎర్ర ట్యూబు బయటికొస్తుంది. టార్చి వేసి, సన్నటి సూదిమొన పనిముట్టుతో అంచు వెంట మెల్లగా గీరితే కింద అల్యూమినియం తెల్లగా మెరవాలి. ఎరుపు రంగో, తీగ పోగులో కనిపిస్తే పాతది ఇంకా ఉన్నట్టే. గట్టిగా పొడిస్తే అల్యూమినియం మీద గీత పడుతుంది, అదో కొత్త లీకు. బాగా పాత బళ్లలో ప్యాకింగ్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. దాన్ని పొడిగా గీరకూడదు, ఊదకూడదు. తడిపి తీయాలి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మళ్లీ బయటికి రాదు.

బిగించే వరుస కూడా ముఖ్యమే. వెనక సైలెన్సర్ బోల్టు ముందే బిగించేస్తే పైపు వంకరగా లాగబడి ఉంటుంది, ఆ బలమంతా హెడ్డు జాయింటు మీద పడుతుంది. అన్నీ వేలితో తిప్పినంత వదులుగా పెట్టి, ముందు హెడ్డు దగ్గరి రెండు నట్లనూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించి, తర్వాత క్లాంపు, ఆఖరికి వెనక బోల్టు. ఒక నట్టును పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే ఫ్లాంజి ఒరిగిపోతుంది. ఒరిగిన ఫ్లాంజిని ఏ పేస్టూ నిలబెట్టలేదు.

ఎర్ర పేస్టుకు నిజంగా తగిన చోటు వెనక జాయింటు, బెండ్ పైపు సైలెన్సర్‌లో దూరే చోటు. అక్కడ వేడి దాని హద్దులోనే ఉంటుంది. కదలిక కూడా ఉంటుంది: 60 సెంటీమీటర్ల పైపు 300 డిగ్రీలు వేడెక్కితే మామూలు ఉక్కు 2 మిల్లీమీటర్లు, స్టెయిన్‌లెస్ 3 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లారితే వెనక్కి వస్తుంది. ఈ రానూపోనూలో రబ్బరులా సాగే పదార్థం నిలుస్తుంది, గట్టిది పగులుతుంది. పైపు కొసను ఎమెరీ పేపరుతో రుద్ది, థిన్నర్‌తో తుడిచి, పలచగా ఒక వరుస పూసి, పైపు దూర్చి క్లాంపు బిగిస్తే చాలు. పట్టుకునేది క్లాంపు, పేస్టు పని సందు నింపడమే. బయటికి ఉబికిన గారె అంచు చూసి బలంగా ఉందనుకోవడం భ్రమ, ఉపయోగపడేది లోపల ఇనుముకూ ఇనుముకూ మధ్య నలిగిన పలచని పొరే. 1996లో తయారీ ఆగిపోయినా టూ స్ట్రోక్ బండి ఆర్‌ఎక్స్ 100ను ఇంకా ప్రాణంగా చూసుకునేవాళ్లకు ఈ జాయింటు బాగా తెలుసు. టూ స్ట్రోక్ పొగలో కాలని ఆయిల్ ఉంటుంది, సందు ఉంటే అది నల్లగా జిడ్డు కారుతుంది. ఆ జిడ్డు కాస్త మిగిలినా సిలికోన్ అంటుకోదు, తుడవడమే అసలు పని. అన్నట్టు పెట్రోల్ తగిలితే సిలికోన్ ఉబ్బి మెత్తబడుతుంది, కాబట్టి కార్బ్యురేటర్‌కూ ట్యాంకుకూ ఈ ట్యూబు చూపించకండి. ఇంజన్ కేసుల మధ్య ఎక్కువగా పూసినా ప్రమాదమే. లోపలికి పిండుకున్న ముక్కలు తెగి ఆయిల్ జాలీకి అడ్డం పడితే ఇంజన్‌కు నూనె అందదు.

నడిమి వేడికి, అంటే సిలికోన్ ఓర్వలేని చోట పైపులో పైపు దూరే జాయింటుకు, సోడియం సిలికేట్‌తో చేసిన సైలెన్సర్ పేస్టు వేరే దొరుకుతుంది. బంకమట్టి లాంటి పొడులు కలిపిన ఈ బూడిదరంగు ముద్ద 1000 డిగ్రీలకూ చెక్కుచెదరదు. దీని పద్ధతి ఎర్రదానికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. దీనికి వేడి కావాలి. పూసి బిగించాక ఇంజన్‌ను పది నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చి చల్లారిస్తే గాజులా గడ్డకడుతుంది. గాజులాగే పెళుసు కూడా, సందు పెద్దదయితే అదురుకు రాలిపోతుంది. నీళ్ల ట్యాంకుకు పెట్టే ఎపాక్సీ ముద్ద ఇక్కడ అసలు పనికిరాదు, నూరు డిగ్రీలు దాటగానే చాలా రకాలు మెత్తబడతాయి.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 బళ్లలో ఈ కథకు ఇంకో మెలిక ఉంది. పైపులో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. 1976లో బాష్ కంపెనీ తయారుచేయగా వోల్వో కార్లలో మొదట కనిపించిన పరికరం ఇది. జిర్కోనియా పింగాణీకి ఒకవైపు పొగ, మరోవైపు బయటి గాలి తగులుతుంటాయి. పొగలో ఆక్సిజన్ తక్కువుంటే 0.9 వోల్టుల దగ్గర, ఎక్కువుంటే 0.1 వోల్టు దగ్గర సంకేతం వస్తుంది. దానికి ముందున్న జాయింటు లీకై బయటి గాలిని పీలిస్తే, పెట్రోల్ తక్కువ పడుతోందని సెన్సర్ పొరబడుతుంది. కంప్యూటర్ పెట్రోల్ పెంచుతుంది, మైలేజీ పడిపోతుంది. ఆ లీకును ఆపుదామని ఏదో ఒక సిలికోన్ దట్టంగా పూస్తే, దాంట్లోంచి లేచే ఆవిరి సెన్సర్ వేడికి కాలి సిలికాగా మారి, ప్లాటినం పొర మీద గాజు పొరలా పేరుకుంటుంది. సెన్సర్ మెల్లగా గుడ్డిదవుతుంది. పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌కూ ఇదే గతి. సెన్సర్‌కు హాని చేయని రకమని ట్యూబు మీద ప్రత్యేకంగా రాసి ఉన్నదే ఈ బళ్లకు వాడాలి. అదీ సెన్సర్‌కు వెనక ఉన్న జాయింటుకే. ముందున్నదానికి కొత్త ప్యాకింగ్ తప్ప మార్గం లేదు.

సైలెన్సర్ అడుగున కనిపించే చిన్న రంధ్రాన్ని మాత్రం లీకనుకుని మూయకండి. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. చల్లటి సైలెన్సర్‌లో అది ఆవిరిగా ఉండలేక నీరై అడుగున చేరుతుంది. ఆ రంధ్రం దాన్ని కార్చేయడానికి కంపెనీవాళ్లు పెట్టిందే. మూస్తే సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పట్టి, కొన్నాళ్లకు ఎలాగూ పెద్ద రంధ్రమే పడుతుంది. అప్పుడు వెల్డింగే. తుప్పుకు పలచబడిన రేకును పేస్టు పట్టుకోదు.

మిగిలిన ట్యూబు గురించి ఒక మాట. మూత బిగించినా మూతిలోకి కొంచెం తేమ చేరి ముక్కు గట్టిపడుతుంది, చాలామంది పాడైందని పారేస్తారు. మూతిలోకి సరిపడా స్క్రూ ఒకటి తిప్పి దించి ఉంచితే, తర్వాత ఆ స్క్రూను లాగినప్పుడు గట్టిపడిన ముక్క దానితో పాటే ఊడొస్తుంది. కింద పేస్టు మెత్తగానే ఉంటుంది. పిండి చూసినప్పుడు తరకలు తరకలుగా వస్తే, లేదా అట్ట మీద రాసిన గడువు దాటి ఉంటే, దాన్ని సైలెన్సర్‌కు వాడకండి.